దేవతను దూషించని సువార్త

క్రీస్తు సువార్తను ఊరూరా చాటిన అపొస్తలుడు పౌలు, ఎఫెసు పట్టణంలో రెండేళ్లకు పైగా బోధించాడు. ఆ బోధ ఎంత బలంగా పనిచేసిందంటే, అర్తెమిదేవికి వెండి గుళ్లు చేసి అమ్ముకునే కంసాలులకు తమ బేరాలు పడిపోతాయన్న భయం పట్టుకుంది. దేమేత్రి అనే కంసాలి తోటి పనివాళ్లను పోగుచేసి ఊరిని రెచ్చగొట్టాడు. జనం నాటకశాలలోకి ఎగబడి రెండు గంటలసేపు "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని కేకలు వేశారు. అల్లరి ముదురుతుంటే ఊరి కరణం వచ్చి సర్దిచెప్పాడు. ఈ పౌలు తోటివాళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అన్నాడు. బైబిలులో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉన్న సంగతి ఇది.

ఆ కరణం క్రైస్తవుడు కాదు. పౌలుకు స్నేహితుడని కూడా అక్కడ రాసి లేదు. పౌలు ఏదో మెత్తగా మాట్లాడి నెట్టుకొచ్చాడా అంటే అదీ లేదు. చేతులతో చేసినవి దేవతలు కావని పౌలు చెబుతున్నాడన్నది దేమేత్రి మోపిన నేరమే. చెప్పాల్సిన మాట చెప్పాడు, దానివల్ల కొందరికి నష్టం భయం కూడా పట్టుకుంది. అయినా దేవతను తిట్టాడని మాత్రం ఊళ్లో బాధ్యత గల మనిషి అనలేకపోయాడు. తీవ్రత, మర్యాద రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి.

తెలుగు సంఘాల్లో మాత్రం ఈ రెంటినీ తక్కెడలో చెరో పక్క వేసి చూడడం అలవాటు. ఉజ్జీవ కూటాల నుంచి వచ్చిన కుర్రవాడు పక్కవీధి వినాయక చవితి పందిరి మీద ఘాటుగా మాట్లాడితే ఆత్మలో మండుతున్నాడంటారు. ఆఫీసులో అందరితో కలిసిపోతూ ఎవరి నమ్మకం జోలికీ పోని పెద్దమనిషిని చల్లబడ్డాడంటారు. అవతలి పక్కన ఉన్నవాళ్లూ ఇదే లెక్క వేసుకుంటారు. మర్యాదగా బతకాలంటే భక్తిని ఇంటి నాలుగు గోడల మధ్యకు కుదించుకోవాలని వాళ్ల అభిప్రాయం. ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదన్న నమ్మకం ఇద్దరిదీ. తెలుగు నేల మీద క్రైస్తవం నడిచిన తీరు చూస్తే ఆ నమ్మకానికి ఆధారం దొరకదు. ఇక్కడి భాషలోకి, సంగీతంలోకి, ఊరి అలవాట్లలోకి ధైర్యంగా అడుగుపెట్టినవాళ్లలో ముందువరుస వాళ్లను తీసుకుంటే, విశ్వాసంలో వాళ్లు రాజీపడ్డవాళ్లు కారు.

పురుషోత్తమ చౌదరి సంగతే చూడవచ్చు. 1803లో పర్లాకిమిడి దగ్గర వైష్ణవం పాటించే బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ నిర్ణయానికి మూల్యం చిన్నది కాదు. కులం పోతుంది, బంధువులు దూరమవుతారు, పుట్టింటి ఆస్తి మీద ఆశ వదులుకోవాలి. అన్నీ వదిలి వచ్చిన మనిషి పాత జీవితం తాలూకు వాసన కూడా తగలకూడదనుకుంటే ఎవరూ తప్పుపట్టరు. చౌదరి అలా చేయలేదు. చిన్నప్పటినుంచి చెవిలో పడ్డ కీర్తన పద్ధతిలోనే క్రీస్తును పాడారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, పైన రాగం పేరు, తాళం పేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచి చూస్తే నేటికీ ఆ రాగతాళాలు అచ్చులో కనిపిస్తాయి. చదువుకోని పల్లెటూరి ముసలమ్మ కూడా ఆ పాటల్ని ఇప్పటికీ కంఠతా పాడుతుంది, రాగం పేరు ఆమెకు తెలియకపోయినా.

ఆయన పాటల్లోని త్రాహిమాం, శరణు, చరణములే నమ్మితిననడం అంతా వైష్ణవ భక్తి పలికిన భాషే. ఆ భాషను ఆయన అరువు తెచ్చుకోలేదు, అది ఆయనదే. దాన్ని కొత్త స్వామి ముందు పెట్టారంతే. ఇదే చౌదరి 'కులాచార పరీక్ష' పేరుతో కులాచారాన్ని నిలదీస్తూ కూడా రాశారు. వదలాల్సినదేదో, వెంట తెచ్చుకోవాల్సినదేదో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత లేనివాళ్లకు అన్నీ ప్రమాదంగానే కనిపిస్తాయి. రాగం వినబడితే గుడి గుర్తొస్తుంది, దీపం వెలిగితే పూజ గుర్తొస్తుంది, చివరికి సంక్రాంతి అరిసె కూడా అనుమానంగానే తోస్తుంది. కోపంగా బయటపడే భక్తిలో చాలాభాగం లోపలి భయమే అనిపిస్తుంది.

చౌదరి కంటే ముందు కూడా ఈ దారి ఉంది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' పేరుతో క్రీస్తు కథను పద్యకావ్యంగా చెప్పాడు. ప్రబంధ కవులు తొక్కిన బాటలోనే క్రీస్తునూ నడిపించాడు.

ఇక దోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో పెట్టుకున్న మిషనరీ సంఘం తరఫున నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు మీ ఆస్తి పేదలకిచ్చారు, మీ దేహాల్నీ అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్నివ్వండి అని. పెద్దల సభలో అలా అనడానికి దమ్ముండాలి. ఆ మాటలో నిష్ఠూరం ఉంది గానీ తిట్టు లేదు.

అజరయ్య సువార్త విషయంలో ఎంత పట్టుదల మనిషంటే, బాప్తిస్మం పొందే ప్రతివాళ్ల చేతా చెయ్యి తలమీద పెట్టించి, సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ అన్న పౌలు మాట పలికించేవారు. అక్షరం ముక్క రాని కూలివాడైనా సరే, ఆ మాట అనాల్సిందే. సాక్ష్యం చెప్పడం పాస్టరు జీతం తీసుకుని చేసే పని అని ఆయన ఒప్పుకోలేదు. అదే అజరయ్య కట్టించిన కేథడ్రల్ చూస్తే గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు కనిపిస్తాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఈ మందిరం కోసం ఇంగ్లండు చర్చి నమూనా తెప్పించుకోవడం కష్టమేమీ కాదు. చుట్టూ ఉన్న హిందువుల, ముస్లింల కట్టడాల అందాన్నంతా దేవుని ఇంటికి తెచ్చుకోవడమే ఆయనకు నచ్చింది. తెలుగు పాటలు, కోత పండుగలు, జాతర తరహా కూటాలు ఆయన అధ్యక్ష మండలంలో, అంటే బిషప్‌గా ఆయన కింద ఉన్న ప్రాంతంలో, మామూలైపోయాయి. క్రైస్తవులకు చట్టసభల్లో ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు వద్దన్నవాళ్లలో ఆయనొకరు. రాజకీయంగా విడిపోయి కూచుంటే పొరుగువాళ్లతో మాట తెగిపోతుందని ఆయన బెంగ.

1920ల చివర్లో, 1930ల్లో దోర్నకల్ ప్రాంతంలో శూద్ర కులాలవాళ్లు కూడా సంఘంలో చేరసాగారు. దీనికి అజరయ్య చెప్పిన కారణం పాస్టర్ల ప్రసంగాలు కాదు. తమ ఊరి మాల మాదిగ క్రైస్తవుల బతుకులో వచ్చిన మార్పును ఏళ్ల తరబడి చూసిన పొరుగువాళ్లు, ఆ మార్పు ఎక్కడిదో తెలుసుకోవాలనుకున్నారు. పేతురు మొదటి పత్రికలో, మీ నిరీక్షణకు కారణం అడిగే ప్రతివాడికీ సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పమన్న మాట ఉంది. దానిలో చాలామంది దాటేసే సంగతొకటుంది. ముందు ఎవరో అడగాలి. అడగాలనిపించే బతుకు కనపడాలి.

పెద్ద పేర్ల సంగతి అలా ఉంచితే, మామూలు విశ్వాసికి ఈ ప్రశ్న ప్రసాదం రూపంలో ఎదురవుతుంది. ఆఫీసులో తిరుపతి లడ్డూ పంచుతారు. పక్కింటివాళ్లు శ్రావణ శుక్రవారం తాంబూలానికి పిలుస్తారు. వీధిలో పందిరి చందా అడుగుతారు. కట్టుబొట్టు మార్చిన కోడలు అత్తింటివాళ్ల పెళ్లికి వెళ్లాలి. దీనికి ఒకే జవాబు రాసిపెట్టిన పుస్తకం లేదు. కొరింథులోని సంఘానికి సరిగ్గా ఇదే తగాదా వచ్చినప్పుడు పౌలు కూడా ఒక్కముక్కలో తేల్చలేదు. విగ్రహం వట్టిదని ఒప్పుకున్నాడు. దయ్యాల బల్లలో, అంటే విగ్రహాలకు అర్పించే విందులో, పాలుపంచుకోవద్దని హెచ్చరించాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లి, వడ్డించింది ఆరాలు తీయకుండా తినమన్నాడు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాడి కోసం తినవద్దన్నాడు. ఒకే పత్రికలో 8వ అధ్యాయం నుంచి 10వ అధ్యాయం దాకా ఈ నాలుగు మాటలూ ఉన్నాయి. మన ప్రసంగాల్లో సాధారణంగా వినిపించేది రెండోది మాత్రమే. పిలిస్తే వెళ్లమన్నది కూడా పౌలేనన్న సంగతి మరుగున పడుతుంది.

దానియేలు కథ ఇంకా ఉపయోగపడుతుంది. బబులోనుకు చెరగా తెచ్చిన దానియేలు మొదలైన యూదా యువకుల పేర్లు అక్కడ మార్చారు. దానియేలుకు పెట్టిన బెల్తెషాజరు అన్న పేరు తన దేవుని పేరునుంచి వచ్చిందని రాజు నెబుకద్నెజరే చెప్పుకున్నాడు. దానియేలు ఆ పేరుతో పిలిస్తే పలికాడు. కల్దీయుల విద్య నేర్చుకున్నాడు, వాళ్ల కొలువు చేశాడు. రాజు భోజనం దగ్గర మాత్రం గీత గీసుకున్నాడు. గీత గీసుకున్నాక విస్తరి విసిరికొట్టలేదు. నపుంసకుల అధిపతిని వేడుకున్నాడు. ఆ అధికారికి తన తల పోతుందన్న భయం ఉందని తెలిసి, పది రోజులు పరీక్షించి చూడండని ఒక దారి చూపించాడు. తన మనస్సాక్షి కోసం ఇంకొకరి మెడకు ఉరి బిగించకపోవడం కూడా భక్తిలో భాగమే అని ఆ అధ్యాయం చదివితే తెలుస్తుంది. తర్వాత రాజు కోపంతో బబులోను జ్ఞానుల్నందర్నీ చంపమన్నప్పుడు, వాళ్లను చంపవద్దని అడ్డం పడింది కూడా దానియేలే. వాళ్లెవరు? శకునగాండ్రు, గారడీవాళ్లు. మతం రీత్యా దానియేలుకు అవతలి పక్షం.

సిరియా సేనాధిపతి నయమాను కథలో ఇంకో మెలిక ఉంది. ఇశ్రాయేలు దేవుణ్ని తప్ప ఇంకెవర్నీ కొలవనని మాట ఇచ్చాక, ఒక్క విషయంలో క్షమాపణ అడిగాడు. మా రాజు నా చెయ్యి పట్టుకుని రిమ్మోను గుడిలోకి వెళ్తే నేనూ వంగాల్సి వస్తుంది, ఎలా అని. ప్రవక్త ఎలీషా నెమ్మదిగలవాడవై పొమ్మన్నాడు. అంతే. దాన్ని అనుమతి అనాలా, కనికరం అనాలా అని పండితులు తలపట్టుకుంటారు. భర్త, అత్తమామలు హిందువులైన ఇంట్లో ఒంటరిగా ప్రార్థన చేసుకునే తెలుగు ఆడవాళ్లకు మాత్రం ఆ జవాబు బాగా అర్థమవుతుంది. కొత్త విశ్వాసి చేత మొదటి వారమే ఇంట్లో యుద్ధం చేయించే కాపరులు ఎలీషా దగ్గర కాసేపు ఆగితే మంచిది.

మెళకువంతా గీత ఎక్కడ గీయాలన్నదే అయితే పని సులువయ్యేది. గీత గీసే చెయ్యి వణకకుండా ఉండాలంటే లోపల నిండుదనం కావాలి. దానియేలు రోజుకు మూడుసార్లు కిటికీ తెరిచి మోకరించేవాడు. ఆ అలవాటు సింహాల గుహ రోజున మొదలైంది కాదు. తెలుగు ఇళ్లలో ఒకప్పుడు దీనికి సరితూగింది సాయంత్రం కుటుంబ ప్రార్థన. భోజనాలకు ముందు చాప పరిచి, ఒక కీర్తన పాడి, పిల్లల చేత వంతులవారీగా వాక్యం చదివించి, పేరుపేరునా ఇంటివాళ్ల కోసం, ఇరుగుపొరుగు కోసం ప్రార్థించేవాళ్లు. పక్కింటివాడి జబ్బు కోసం రోజూ ప్రార్థించిన నోటితో అతని దేవుణ్ని తిట్టడం కష్టం. టీవీ, ఫోన్లు ఆ గంటను మింగేశాయి. ఆ లోటును పెద్ద మైకులు, లైట్లు, మూడురోజుల కూటాలు పూడుస్తాయని సంఘాలు ఆశపడుతున్నాయి. కూటంలో వచ్చిన ఊపు వారం తిరిగేసరికి దిగిపోతుంది. దిగిపోయిన ఊపును నిలబెట్టుకోవడానికి మళ్లీ ఏదో ఒక శత్రువు కావాలి.

భక్త్‌సింగ్ మార్గం ఇక్కడ గమనించదగింది. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మిన ఆయన, హైదరాబాదులోని హెబ్రోను మందిరం కేంద్రంగా దేశమంతా సంఘాలు కట్టి 2000లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన కూటాల్లో గంటల తరబడి ప్రార్థన, ఆరాధన. నాటి మిషన్ చర్చీలకు అంత తీవ్రత మింగుడుపడేది కాదు. కూర్చోవడం మాత్రం నేలమీద, చెప్పులు బయట వదిలి, చాపల మీద. తర్వాత ప్రేమవిందు. కులం, హోదా చూడకుండా వరుసగా కూర్చుని తినడం. సహపంక్తి భోజనమంటే ఈ దేశంలో ఏమిటో తెలిసినవాళ్లకు అది ఏ ప్రసంగానికీ తీసిపోదు. తీవ్రత, దేశీయత రెండూ కావాలని ఎవరో ప్రణాళిక వేసి కలిపినట్టుండదు ఆ పద్ధతిలో.

ఇప్పటి మైదానం యూట్యూబ్. హిందూ వక్త ఒకరు బైబిలులో తప్పులు తీస్తారు, క్రైస్తవ వక్త పురాణాల్లో తప్పులు తీస్తారు, ఇద్దరికీ చూసేవాళ్లు పెరుగుతారు. ప్రశ్నకు జవాబు చెప్పడం తప్పని ఎవరూ అనరు. పౌలు ఏథెన్సులో తత్వవేత్తలతో తర్కించాడు. ఆ పట్టణం నిండా విగ్రహాలు చూసి అతని ఆత్మ పరితపించిందని కూడా ఉంది. లోపల అంత మండినవాడు నోరు తెరిచి మొదట అన్నది మాత్రం మీరు అతి దేవతాభక్తిగలవారని. వాళ్ల బలిపీఠం మీది రాతను, వాళ్ల కవుల మాటను ఎత్తుకుని సంగతి చెప్పాడు. అంటే వాళ్ల ఊరు తిరిగాడు, వాళ్ల కవిత్వం చదివాడు. పోతన పద్యం ఒక్కటైనా రాకుండా, పురాణంలోంచి వెతికి తీసిన నాలుగు వాక్యాలతో పొరుగువాడి మతాన్ని ఖండించే వీడియోలకు ఏథెన్సు సాక్ష్యం పనికిరాదు. గెలిచామని పెట్టిన ఆ వీడియో కింద జరిగే బూతుల తగాదాకు రేపు ఊళ్లో మూల్యం చెల్లించేది ఆ వక్త కాడు, పల్లెలో పదిమంది మధ్య చిన్న మందిరం నడుపుకునే కాపరి.

ఇంతవరకూ చెప్పిందంతా సంస్కృతి అంటే సంగీతం, పండుగ, కవిత్వం అన్నట్టే సాగింది. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికుల తాత ముత్తాతలకు సంస్కృతి అంటే ఊరి చివర వాడ కూడా. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ కాలంలో మాదిగలు పెద్ద సంఖ్యలో నమ్మినప్పుడు వాళ్లు పాటించాల్సిన నియమాలు మూడే. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ మాదిగలు జాతరలో డప్పు కొట్టబోమన్నప్పుడు కరణాలు, మునసబులు ఎదురుతిరిగారు. డప్పు ఆ ఊరికి సంస్కృతి, మాదిగకు వెట్టి. దాన్ని కాదన్నందుకు దెబ్బలు తిన్నారు, బావులకు దూరమయ్యారు. ఆ నిరాకరణను సంస్కృతి పట్ల అమర్యాద అని ఈనాడు ఎవరైనా అంటే, వాళ్లు ఏ గడప మీద కూర్చుని అంటున్నారో చూసుకోవాలి. అలాగని ఆ డప్పును శాశ్వతంగా పాపం చేసి పక్కన పెట్టాల్సిన పనీ లేదు. ఇప్పుడదే డప్పు మీద దళిత క్రైస్తవ యువకులు క్రిస్మస్ పాటలు వాయిస్తున్నారు, ఎవరో కొట్టమన్నందుకు కాదు.

క్లవ్ చేసిన ఇంకో పని కూడా ఇక్కడ చెప్పాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ నెలలన్నీ బాప్తిస్మాలు ఆపేశారు. గంజి కోసం మతం మారారన్న మాట పడకూడదని, నమ్మేవాళ్లు అన్నంతో లంకె లేకుండా నమ్మాలని ఆయన ఉద్దేశం. సాయం ముగిశాకే తలుపు తెరిచారు. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఖ్యనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. దాని వెనక పదిహేను నెలల ఆగడాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

సొంత సంఘమే ఈ మెళకువ తప్పిన సందర్భమూ ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా సంస్కృతం, పురాణాలు చదివి పద్యాలు రాస్తుంటే క్రైస్తవ పెద్దలు కన్నెర్ర చేశారు. అవతల అగ్రకులాల సభల్లో కులం పేరుతో అవమానాలు. 'గబ్బిలం'లో ఆయన దళితుడి మొర కాశీ విశ్వనాథుడి చెవిన వేయమని గబ్బిలాన్ని పంపాడు. అదే కవి తర్వాత రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సంఘం ఆయన్ను ముందే దగ్గరకు తీసుకుని ఉంటే తెలుగు క్రైస్తవ సాహిత్యం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

కులం తగులుకున్నచోట తీవ్రతను కొలిచే కొలమానం కూడా మారిపోతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కలిపారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. వాడ అదే, పేరు అదే, ఊళ్లో చూపు అదే. కాగితం మీద మాత్రం బాప్తిస్మం తీసుకున్నవాడికి కులం పోయినట్టే. ఆదివారం చేతులెత్తి పాడే మనిషి, సోమవారం కొడుకు కాలేజీ దరఖాస్తులో మతం గడి దగ్గర ఆగిపోతాడు. బహిరంగంగా ఒప్పుకోని విశ్వాసం విశ్వాసమే కాదని వేదిక మీద ప్రసంగించడం తేలిక. ఆ ప్రసంగం వినే జనంలో సగం ఇళ్లలో హిందువుగా రాయించుకున్న కులం సర్టిఫికెట్ ఉందని, కొన్నిచోట్ల ప్రసంగీకుడి ఇంట్లోనూ ఉందని అందరికీ తెలుసు. అందుకే సంఘాల్లో దీని గురించి ప్రార్థన విన్నపం కూడా వినిపించదు.